డాక్టరు కాని చదువు

కిరసనాయిలు మసి వాసన తగిలితే ఇప్పటికీ ఫిజియాలజీ ల్యాబే గుర్తొస్తుంది. ఎమ్మెస్సీ అయినా చదివేది మెడికల్ కాలేజీలోనే, ఎంబీబీఎస్ పిల్లల పక్కన. "డాక్టరు కాదుట, డాక్టర్లకి పాఠం చెప్పే చదువుట" అని ఊళ్లో అందరికీ చెప్పేది అమ్మ. చెబుతూనే పక్కింటావిడ మోకాలి నొప్పికి నన్నే పిలిచేది. నేను మాత్రం తక్కువా! ఊళ్లో బస్సు దిగేటప్పుడు తెల్లకోటు చేతిమీద నలుగురికీ కనపడేలా వేసుకునేవాణ్ణి.

నున్నటి కాయితం డ్రమ్ముకి చుట్టి, పొగమంట మీద తిప్పి నల్లగా మసి పట్టించేవాళ్లం. కప్ప పిక్క కండరాన్ని నరంతో సహా తీసి, మీటకి కట్టి కరెంటు తాకిస్తే మసిమీద తెల్లగీత గుట్టలా లేచి దిగేది. పుస్తకం ప్రకారం అంతా సెకనులో పదోవంతు: అందులో ముడుచుకోవడానికి 0.04, సడలడానికి 0.05. మా కప్పలు ఆ పుస్తకం చదివినట్టు లేవు. నరం కాస్త ఆరితే గీతే లేదు. కండరాన్ని చల్లబరిస్తే గుట్ట బద్ధకంగా సాగేది. ఇప్పటి పిల్లలకి కంప్యూటర్ తెరమీద ప్రతిసారీ చక్కటి గీతే వస్తుంది. కప్పలకి మంచిదే. పిల్లల సంగతి నాకు అనుమానమే.

కప్పగుండె ప్రయోగం రోజునే అనుకుంటాను, ఎన్టీఆర్ చైతన్యరథం వస్తోందని కేకలు వినిపించాయి. 1982. మసిచేతులతోనే రోడ్డుమీదికి పరుగెత్తాం. ఆయన్ని చూశానో, జనం తలల్నే చూశానో చెప్పలేను. తిరిగొచ్చేసరికి అటెండరు ఒక్కడే కూర్చుని గుండెమీద చుక్కచుక్కగా రింగర్ ద్రావణం వేస్తున్నాడు. అది కొట్టుకుంటూనే ఉంది. "మీరంతా పోతే దీన్నెవరు చూస్తారండీ?" అన్నాడు. అతని ముఖం గుర్తుంది, పేరు పోయింది.

కండరానికి శక్తి ఎక్కణ్ణించి వస్తుందో చెబుతూ ప్రొఫెసరుగారు ఒకసారి యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తారు. 1927లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ కనిపెట్టింది ఆయనేనట. భీమవరంలో పుట్టినవాడు! మా ఊరినుంచి బస్సులో గంట. వైద్యం చదివీ ఆయన జీవితమంతా ల్యాబులోనే గడిపాడన్న మాట నాకు బాగా పట్టుకుంది. సెలవులకి వెళ్లగానే అమ్మని కూర్చోబెట్టి ఆయన కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఆయన దగ్గరికీ మోకాళ్ల నొప్పులంటూ ఎవరూ వచ్చేవారు కాదంటావా, పాపం" అంది.