బూట్లు విప్పితే నవ్వినం

ఈ సంగతి రాయాలంటే కొంచెం సిగ్గుగనే ఉంది. కానీ ఇట్లాంటి చిన్న విషయానికే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆట వదిలేస్తున్నరు. అందుకే రాస్తున్నం.

మేం అచ్చంపేటలో హాస్టల్లో ఉండి చదువుకున్నం. కొందరం తండాల నుంచి, కొందరం అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటల నుంచి వచ్చినోళ్లం. ఇంటికాడ ఉన్నన్ని రోజులు వట్టి కాళ్లతోనే ఉరికినం, కబడ్డీ ఆడినం. మన్ను అంటేది, ముల్లు గుచ్చేది, కానీ కాళ్లు గబ్బు వాసన వస్తయని తెల్వదు. హాస్టల్‌కు వచ్చినంక బూట్లు వచ్చినయ్. ఒక్కటే జత. బడికి అవే, సాయంత్రం వాలీబాల్‌కు అవే. వానకాలంలో అవి పూర్తిగా ఆరిన రోజే లేదు.

మాలో ఒక పెంట పిలగాడు అందరికంటే ఎత్తుకు ఎగిరి కొట్టేటోడు. ఒకరోజు ఆట అయినంక రూములో బూట్లు విప్పితే, ఎవరో ముక్కు మూసుకొని "అడివోళ్లకు కడుక్కునుడు తెల్వదు" అన్నడు. అందరూ నవ్విన్రు. మేం కూడా నవ్వినం. మా కాళ్లు అట్లనే వాసన వస్తుండె, అయినా నవ్వినం. తెల్లారి నుంచి ఆ పిలగాడు గ్రౌండ్‌కు రాలేదు. కాలు నొస్తుందన్నడు. నొచ్చింది కాలు కాదని మాకు తెలుసు.

తర్వాత చదివి అసలు సంగతి తెలుసుకున్నం. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. అరికాళ్లలో చెమట గ్రంథులు చాలా దట్టంగ ఉంటయ్. బూటు లోపల గాలి ఆడదు, తడి పోదు. ఆ తడిలో చర్మం మీది బాక్టీరియా పెరిగి, చెమటలో, మెత్తబడిన చర్మంలో ఉన్న పదార్థాలను విరగ్గొడుతది. అప్పుడు పుట్టే ఐసోవాలరిక్ ఆమ్లం లాంటివే ఆ కంపు. అది తెగను చూసి రాదు. తడి బూటు ఎవరు తొడిగినా వస్తది.

మేం చేసిన పనులు ఇవి. రోజూ సబ్బుతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడ బట్టతో తుడుచుకున్నం. ఉత్త నీళ్లు పోసి వదిలేస్తే లాభం లేదు. ఉతికిన సాక్సులే తొడిగినం, ఆట అయిపోంగనే విప్పినం. కాటన్ సాక్సులు చెమట పీల్చుకొని తడిగనే ఉంటయ్, కాబట్టి ఆటకు ఇంకో జత దగ్గర పెట్టుకోవాలె. బూట్ల లోపలి అట్ట తీసి ఎండకు పెట్టినం. వానపడితే పాత పేపర్లు ఉండచుట్టి బూట్లలో కుక్కినం, తడి గుంజుకుంటది. రెండు జతలు ఉన్నోళ్లు రోజు మార్చి రోజు తొడగాలె. ఒక్క జతే ఉంటే బడికి చెప్పులు, ఆటకు బూట్లు. ఒకరి సాక్సులు ఇంకొకరు తొడగొద్దు. వేళ్ల సందుల్లో తెల్లగ పాసి, దురద పెడితే అది ఫంగస్ కావచ్చు. అరికాలికి చిన్న చిన్న గుంటలు పడ్డా సరే, పీహెచ్‌సీలో చూపించుకోండ్రి. మందుతో తగ్గుతది.

బూట్లు మనకు కొత్త అని కూడ చిన్నబోవద్దు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్స్‌తో ఆడి 2-1 తేడాతో ఓడింది. ఆ జట్టులో ఎక్కువ మంది వట్టి కాళ్లతోనే ఆడిన్రు. కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా గిరిజనుడు. డాక్టర్ చదువు చదివి, తర్వాత నాగాలాండ్‌లో వైద్యం చేసిండు.

ఆఖరికి మేమే ఆ పిలగాని దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నం. ఒక ఆదివారం రూములో ఉన్న బూట్లన్నీ ఉతికి గోడ మీద వరుసగ ఎండబెట్టినం, నవ్వినోళ్లవి కూడ. సాయంత్రం ఆ పిలగాడే వచ్చి నెట్ కట్టిండు.

మీ హాస్టల్లో కూడ కాలు నొస్తుందని ఆట మానేసినోళ్లు ఉంటే, ఒకసారి పక్కన కూసొని అడగండ్రి.