గడువులోపల జవాబు

మా ఇండ్లకు సర్కారు కాయితం వచ్చిందంటే ఏదో ఒకటి తీస్కపోవడానికే వచ్చిందని లెక్క. ఇచ్చే కాయితాలు మా గడప దాకా రావు, వాటి కోసం మేమే తిరగాలె. గుంజుకునే కాయితం మాత్రం అడ్రసు వెతుక్కుంట వస్తది. అందుకే మా అమ్మ ఇప్పటికీ పోస్టుమాన్‌ను చూస్తే ముందుగాల ఇంట్లకు పోయి తలుపు దగ్గరికేస్తది.

మాది ఇల్లందు. ముసలోళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటరు. 1871ల ఇక్కడి నేలల బొగ్గు ఉన్నట్టు కనిపెట్టిన్రు, 1889ల తవ్వకం మొదలుపెట్టిన్రు. అడివి నడుమకు రైలొచ్చింది, నెల జీతమనే మాట వచ్చింది. బాయి పని దొరికినోళ్ల ఇండ్లల్ల జీతం చిట్టీలు, పాసుబుక్కులు ఉండేటియి. మా నాయనకు ఆ పని దొరకలేదు. సుతారి దగ్గర కూలికి పోయేది. మా తాత చెప్పులు కుట్టిండు, డప్పు కొట్టిండు, దొరల మూటలు మోసిండు. మేము మాదిగలం. మా ఇంట్ల కాయితమంటే రేషన్ కార్డు ఒక్కటే.

ఎండకాలం అమ్మ తునికాకుకు పోయేది. ఏప్రిల్, మే నెలల్ల నాలుగు గంటలకే లేచి కోయగూడేల ఆడోళ్లతోటి కలిసి అడివి పట్టేది. యాభై ఆకులు ఒక కట్ట. మాపటికి కల్లం కాడ లెక్క అప్పజెప్పాలె. కల్లేదారు పుస్తకంల రాసుకునేటోడు. అమ్మకు అక్షరం రాదు గనుక ఇంటికొచ్చి బొగ్గుముక్కతోటి గోడ మీద గీతలు గీసేది. నూరు కట్టలకు ఒక గీత. ఆ గోడే మా ఇంటి ఖాతా పుస్తకం. ఒక ఏడు బోనస్ పంచేటప్పుడు అమ్మ పేరు మీద సగం కట్టలే ఉన్నయన్నరు. గోడ మీద గీతలున్నయంటే నవ్విన్రు. "పుస్తకంల ఎక్కినప్పుడే అడగాలె. అడగలేదంటే ఒప్పుకున్నట్టే" అన్నడు కల్లేదారు. నేనప్పుడు ఆరో తరగతి. ఆ మాట నాకు పాఠం లెక్క మనసుల పడిపోయింది.

మా ఇంట్ల పదో తరగతి దాటింది, డిగ్రీ పట్టా తెచ్చుకున్నది నేనే మొదలు. డి.ఎడ్. చేసిన, దూరవిద్యల బి.ఏ. చదివిన, డిఎస్సీ 2012ల ఎస్జీటీ ఉద్యోగం వచ్చింది. ఇల్లందు ఏజెన్సీ. ఏజెన్సీ బళ్లల్ల టీచరు పోస్టులన్నీ జీవో 3 కింద అప్పుడు ఆదివాసులకే. 2020ల సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో అదే. అందుకని నాకు మైదానం మండలంల పోస్టింగు ఇచ్చిన్రు. రోజూ బస్సుల పోయి వస్త.

ఆరేండ్ల సర్వీసు నిండితే ఒక స్కేలు పెరుగుతది. నాకది 2019 జూన్‌ల రావాల్సింది. ఫైలు ఆఫీసుల మూడేండ్లకు పైగా పండుకున్నది. చివరికి 2022-23ల బకాయి అంత ఒక్కసారే పడ్డది. 46 వేలు. ఇక్కడ్నే తిరకాసు ఉన్నది. ఏ ఏడు రావాల్సిన పైసలైనా సరే, చేతికొచ్చిన ఏడు ఆదాయంలనే కలుపుతరు. ఆ ఏడు పాత విధానంల పన్ను పడే ఆదాయం 5 లక్షల లోపల ఉంటే రిబేటు పోను పన్ను సున్నా. బకాయి లేకుంటే నాది 4 లక్షల 90 వేలు. బకాయి కలిస్తే 5 లక్షల 36 వేలు. గీత దాటిన. రిబేటు పోయింది, సెస్సుతోటి 20,488 రూపాయల పన్ను పడ్డది. టైముకు ఇచ్చి ఉంటే ఒక్క రూపాయి పడకపోవు. ఆఫీసు ఆలస్యం చేస్తే శిక్ష నాకు.

ఈ అన్యాయం చట్టానికి తెలువనిది కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టంల 89వ సెక్షన్ దీనికోసమే పెట్టిన్రు. బకాయిని ఏ ఏడుది ఆ ఏడుకు పంచి లెక్కగట్టి, ఎక్కువ పడ్డ పన్ను మాఫీ చేస్తరు. కాకపోతే ఆ చట్టం కింద 10ఈ అనే ఫారం ఆన్‌లైన్ల విడిగ నింపాల్సి ఉండె. రిటర్న్‌ల మాఫీ అడిగి ఫారం పెట్టకపోతే మాఫీ ఉండకపోయేది. మా టౌనుల మా టీచర్లందరి రిటర్న్‌లు ఒకాయననే తలకింతని తీసుకొని వేస్తడు. 2023 జూలైల నాదీ ఆయననే వేసిండు. మాఫీ అడిగిండు, ఫారం పెట్టలేదు.

అక్టోబర్‌ల ఫోనుకు మెసేజ్ వచ్చింది. మెయిల్ అడ్రసు ఆయనది పెట్టుకున్నడు గనుక పోయి అడిగి ఆ పిడిఎఫ్ తెచ్చుకున్న. అది తెరవాలంటే పాన్ నెంబరు, దాని పక్కన పుట్టిన తేదీ కొట్టాలె. నా పుట్టిన తేదీ బడిల చేర్చుకున్న పంతులు రాసుకున్నది. అమ్మకు తెలిసింది తునికాకు అయిపోయి తొలకరి పడ్డనాడని మాత్రమే. పంతులు వేసిన ఆ తేదీతోటే ఉత్తరం తెరుచుకున్నది. ఫారం అందలేదు గనుక మాఫీ ఇవ్వలేదు, వడ్డీతోటి కలిపి 22 వేల పైన కట్టాలె అని ఉన్నది. 30 రోజుల గడువు. దాటితే నెలకు ఒక శాతం వడ్డీ.

"ఇది మామూలే మేడం, కట్టేయండి. వివరం కావాలంటే మీ సారును పంపండి, చెప్త" అన్నడాయన. జీతం నాది, పాన్ కార్డు నాది, ఉత్తరం నా పేరు మీద వచ్చింది. సారు ఎందుకు?

స్టాఫ్‌రూముల అడిగిన. ఒకాయన నవ్వి, "మీ ఎస్సీలకు టాక్సు మాఫీ గదా మేడం, మీకెందుకొచ్చింది నోటీసు?" అన్నడు. ఆయన వెక్కిరించలేదు, నిజంగనే అట్ల అనుకుంటున్నడు. అదే ఎక్కువ బాధ. ఎస్సీలకు ఆదాయపు పన్నుల ఏ మినహాయింపూ లేదు. ఎస్టీలకు 1961 చట్టం 10(26) కింద ఇచ్చిన మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల, లడఖ్ ఆదివాసులకే. మా ఇల్లందు కోయ టీచరుకు, లంబాడా టీచరుకు అది అందదు. ఇంకొకామె అన్నది, "మా పన్నులతోటే గదా మీ హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు." ఆ హాస్టల్ అన్నం తిని చదివినదాన్నే నేను. నా జీతంల పైసా దాచే వీలు లేదు. నెలనెలా 200 రూపాయల వృత్తి పన్ను చేతికి రాకముందే కోస్తరు. కూలికి పోయే మా అమ్మ సబ్బుల, నూనెల, చెప్పులల్ల పన్ను కడుతది. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 2022 జనవరి 1న జీఎస్టీ 5 నుంచి 12 శాతం చేసిన్రు. 2025 సెప్టెంబర్ 22న గానీ మళ్ల 5కు దించలేదు. చెప్పులు కుట్టిన కులం చెప్పులు కొనుక్కుంట పన్ను కట్టింది. దానికంటె ముందు మా తాత చేసిన వెట్టి ఏంది? అదీ పన్నే. రసీదు ఇయ్యని పన్ను.

ఈ మాటలన్నీ ఆమెకు చెప్పిన. ఆమె ఊకున్నది.

ఆ రాత్రి పెట్టె తీసిన. ఏడాదేడాది ఫారం 16లు అండ్లనే పెట్టుకుంట. 10ఈ నింపాలంటే ఒక్కో ఏడుకు అప్పటి ఆదాయమెంత, ఆ ఏడుకు చెందిన బకాయి ఎంత, రెండూ కలిపితే పన్నెంత, విడివిడిగ చూపాలె. 2019-20 నుంచి ఒక్కొక్క ఏడు లెక్కగట్టిన. ఏ ఏడు చూసినా 5 లక్షల లోపలనే. పన్ను సున్నా, సున్నా, సున్నా. అమ్మ పక్కన కూసున్నది. "కట్టెయ్యి బిడ్డా, పెద్దోళ్లతోటి పంచాతి ఎందుకు" అన్నది మొదలు. తర్వాత గీతలు లెక్కబెట్టినట్టు నా అంకెల మీద వేలు పెట్టి, "ఇవన్ని నీయేనా?" అన్నది. నాయే అన్న. "మరి చెప్పు వాళ్లకు" అన్నది.

పోర్టల్‌ల మెయిల్ అడ్రసు మార్చి నాది పెట్టుకున్న. ఫారం పంపి, ఆధార్ ఓటీపీతోటి ధ్రువీకరించి, అందినట్టు వచ్చిన నెంబరు రాసుకున్న. డిమాండు మీద జవాబుకు రెండు దారులు చూపెడతది: ఒప్పుకుంటున్న, ఒప్పుకోను. 'ఒప్పుకోను' అన్నదాన్ని నొక్కిన. 154 కింద సవరణ కోరుకుంట అర్జీ పెట్టిన. 2024 ఫిబ్రవరిల ఇంకో ఉత్తరం వచ్చింది. మాఫీ ఇచ్చిన్రు. కట్టాల్సింది సున్నా.

నేనేదో గొప్ప పని చేసినట్టు చెప్పుకోవడానికి ఇది రాస్తలేను. మా బడిలనే నాలాంటి బకాయి వచ్చిన ఇంకో ఇద్దరికి అదే ఉత్తరం వచ్చింది. ఒకామె అప్పటికే అప్పు తెచ్చి కట్టేసింది. ఆమెది కూడ మా వాడనే. ఫారం గురించి ఎవరూ చెప్పలేదన్నది. కట్టకుండ ఉన్న పాత డిమాండును తర్వాతి ఏండ్ల రీఫండ్‌ల పట్టుకుంటరు. దానికి ముందు ఒక ఉత్తరం వస్తది. గడువులోపల పలుకకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క. కల్లేదారు నోటితోటి అన్నదాన్ని వీళ్లు అచ్చేసి పంపుతరు. తేడా ఏందంటే ఇక్కడ పలికితే వినే ఒక తోవ రాసి పెట్టి ఉన్నది. ఆ తోవ మనోళ్లకు తెలువదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 చట్టం అమలుకు పెట్టిన్రు. సెక్షన్ల నెంబర్లు మారినయి. గడువు అనేది మాత్రం ఎన్ని చట్టాలు మారినా ఉంటది.

అంబేద్కర్‌ను మనం రాజ్యాంగం పట్టుకున్న బొమ్మల చూస్తం. ఆయన 1923ల రూపాయి సమస్య మీద, 1925ల బ్రిటిష్ ఇండియాల రాష్ట్రాల ఖజానా మీద పుస్తకాలు అచ్చేసిండు. సర్కారు లెక్కలు మనకెందుకు అని ఆయన అనుకోలేదు. మన పిల్లలు జై భీమ్ అంటున్నరు, మంచిదే. ఫారం 16 చదవడం కూడ రావాలె.

ఇప్పుడు ఆదివారాలు వాడల ఇద్దరో ముగ్గురో కాయితాలు తెస్తరు. బ్యాంకుది, కరెంటుది, పింఛనుది. నేను రాసియ్య. వాళ్ల ఇంట్ల చదివే పిల్లతోటి రాయిస్త. మొదటి వరుసల తేదీ వేయమంట, నకలు ఉంచుకోమంట, అందినట్టు రసీదు లేకుండ ఆఫీసు గడప దిగొద్దంట. మా బడిల ఐదో తరగతికి సెలవు చీటీ రాసుడు నేర్పిస్తం. దాని పక్కపొంటి ఇంకో ఉత్తరం కూడ రాయిస్తున్న. 'మీ ఉత్తరం అందినది. అందులోని లెక్క సరికాదు. కారణములు ఈ కింద రాస్తున్నాను' అని మొదలయ్యే ఉత్తరం. పోయిన వారం ఒక పిల్ల, కూలోళ్ల బిడ్డ, ఆ కింద ఏడు కారణాలు రాసుకొచ్చింది.