సబర్ ఒక్కటే చాలదు

యతీంఖానాలో పెరిగిన మాకు అందరూ చెప్పిన మాట ఒక్కటే: 'సబర్ కరో బేటా'. జకాత్ తెచ్చినాయన చెప్పాడు. ఈద్ బట్టలు పంచినాయన చెప్పాడు. రంజాన్ దాటాక మా పేర్లు అడిగినవాళ్లు లేరు.

మమ్మల్ని నిలబెట్టింది ఆ ఉపదేశం కాదు. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూచున్న వంటామె. ఎవరికి ఏ కూర పడదో ఆమెకు తెలుసు. ప్రవక్త కూడా యతీమే. పుట్టకముందే తండ్రి, ఆరేళ్లకే తల్లి పోయారు. తాత చేరదీశాడు, ఆ తర్వాత పెదతండ్రి. సబర్ వెనక ఒక మనిషి ఉండాలనే కదా!

ఇప్పుడు శంషాబాద్ చూడండి. 2008లో విమానాశ్రయం వచ్చింది. హోముల్లో పెరిగిన పిల్లలూ అక్కడ కొలువు కోరుకుంటారు. లోపలికెళ్లే పాసు కావాలంటే పోలీసు విచారణ. ఇంటి చిరునామా రాయాలి. 18 నిండి హోం వదిలిన పిల్లవాడు ఏ ఇంటి నంబరు రాయాలి? ఆపైన ముస్లిం పేరైతే?

అలా బయటికొచ్చిన వాళ్లకు 21 ఏళ్ల దాకా ఆసరా అనే మాట 2015 బాలల న్యాయ చట్టంలో ఉంది. అయితే డబ్బుసాయం ఇవ్వాలి అనదు, ఇవ్వొచ్చు అంటుంది. ఆ 'వొచ్చు' దగ్గరే మా పిల్లలు రోడ్డున పడుతున్నారు.

సర్కారునూ, మా జమాత్ పెద్దలనూ మేం అడిగేది ఇంతే. ఈద్ బట్టలు తర్వాత. ఫారంలో రాసుకోను ఒక చిరునామా, పొద్దుగూకితే 'తిన్నావా' అని అడిగే ఒక మనిషి. అవి ఇవ్వండి. సబర్ సంగతి మేం చూసుకుంటాం.