మా తాతగారు

మా తాతగారు అమలాపురమున నొక బియ్యపు మిల్లులో నలువదియేండ్లు పనిచేసిరి. ధవళేశ్వరము నుండి వచ్చు కాలువనీటితో మా సీమలో ఏటేట వరి పండును. ఆ ధాన్యమును బియ్యము చేసిన చేతులలో వారివి రెండు.

వారు గింజను పంటితో కొఱికి, తడి యున్నదో లేదో చెప్పెడివారు. పచ్చి ధాన్యమును మరపట్టినచో బియ్యము నూకయగును గదా! యంత్రముల రొదచేత వారికి చెవుడు వచ్చెను. అయినను యంత్రముపై అరచేయి నుంచి, అందలి లోపమును కనిపెట్టుచుండిరి.

1996 నవంబరు 6వ తేదీ పెనుతుపానున కోనసీమ కొబ్బరితోటలు నేలగూలెను. మిల్లు కొన్నాళ్లు మూతవడెను. మరల తెఱచిన పిమ్మట వచ్చిన తొలికూలితో, తవుడు మెత్తిన పంచెతోనే, తాతగారు నా బడిజీతము కట్టవచ్చిరి. "ఎవరురా?" అని మిత్రుడడిగెను. "మా పాలేరు" అంటిని. తాతగారు నా ముఖము చూచి చిఱునవ్వు నవ్వి, జీతము కట్టి వెడలిరి. వారికి వినబడలేదని సంతోషించితిని.

ఎనుబదియాఱేండ్లు జీవించి వారు గతించిన పిదప నాయనమ్మ చెప్పినది: "మిల్లురొదలో ఎవరి మాటయు వినరాదు నాయనా. అచటివారందఱును పెదవుల కదలికను చూచియే మాట గ్రహింతురు."

తోడి విద్యార్థులారా! మీ పెద్దలు బడికి వచ్చినప్పుడు ఎదురేగి, వారెవరో పదుగురికిని చెప్పుడు.