హెచ్‌డీ ఛానళ్ల లెక్క



మన ఊళ్లకు డిష్ కంపెనీల ఏజెంట్లు వస్తే ఒకటే మాట. మా దాంట్లో ఇన్ని హెచ్‌డీ ఛానళ్లు, పక్కోళ్ల దాంట్లో అన్ని లేవు అని. 2010 నుంచీ ఈ పోటీ నడుస్తానే ఉంది.

హెచ్‌డీ మంచిదే, కాదనను. మామూలు బొమ్మలో 576 గీతలుంటే హెచ్‌డీలో 1080 ఉంటాయి. క్రికెట్లో బంతి స్పష్టంగా కనపడుద్ది. కానీ టీవీ, బాక్సు రెండూ హెచ్‌డీవే కావాలి. పాత డబ్బా టీవీకి హెచ్‌డీ ప్యాక్ వేయించడమంటే బోరులో నీళ్లు లేకుండా డ్రిప్పు పైపులు పరిచినట్టే.

ఇంకోటి. 2019లో ట్రాయ్ కొత్త రూల్ తెచ్చినప్పుడు 100 ఛానళ్లకు నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, పన్ను అదనం. అందులో ఒక హెచ్‌డీ ఛానల్‌ని రెండు మామూలు ఛానళ్ల కింద లెక్కగట్టారు. ఛానల్ రేటు మళ్లీ వేరే. ఒకే ఛానల్ మామూలుదీ హెచ్‌డీదీ విడివిడిగా తీసుకుంటే రెండిటికీ కట్టాలి. మీ లిస్టు ఒకసారి చదువుకోండి.

మా ఇంట్లో అందరం కూర్చుని లెక్క రాస్తే చూసేవి తొమ్మిది ఛానళ్లు. బొమ్మ బాగుండాల్సింది క్రికెట్ ఛానల్ ఒక్కటి. అదొక్కటే హెచ్‌డీ పెట్టించాం. కట్టేది పాల డబ్బుల్లోంచే కదా!

వార్తలు, సాగు కబుర్లు చాలనుకునేవాళ్లకు డీడీ ఫ్రీ డిష్ ఉంది. నెలనెలా రీచార్జ్ లేదు. డీడీ కిసాన్ అందులోనే వస్తుంది.

ఈసారి ఏజెంటు వస్తే ఎన్ని హెచ్‌డీ అని అడగొద్దు. మేం చూసేవాటికి నెలకు ఎంతవుద్దో కాగితం మీద రాసిమ్మనండి. మీ ఇంట్లో ఎన్ని చూస్తారో కింద రాయండి.