నెత్తురు ముందే చెప్పిన మాట

మా అమ్మకి కీళ్ళవాతం ఎందుకొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు పుట్టినప్పుడు పథ్యం సరిగ్గా చెయ్యలేదు, పచ్చి బాలింత చన్నీళ్ళలో చేతులు పెట్టింది. వేళ్ళు వంకర్లు తిరిగి చెంబు పట్టుకోలేని స్థితికి వచ్చాక కూడా ఆ నేరం ఆమె మీదే ఉండిపోయింది. నిజానికి కాన్పయిన ఏడాదిలో ఈ జబ్బు బయటపడే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రమూ చెబుతోంది. నాయనమ్మ కాలాన్ని సరిగ్గానే గమనించింది. తప్పు మాత్రం కోడలి మీద వేసింది.

నలభై ఆరేళ్ళప్పుడు నాకు పొద్దున్నే గంటసేపు పిడికిలి ముడుచుకునేది కాదు. వాపు లేదు, ఎక్స్‌రే బాగుంది. ‘ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే’ అన్నాడొక డాక్టరు. ఏడాది తర్వాత మరో డాక్టరు యాంటీ సీసీపీ పరీక్ష రాసింది. ఆ యాంటీబాడీలు నా రక్తంలో చాలా ఎక్కువగా ఉన్నాయి.

మన ప్రొటీన్లలోని ఆర్జినిన్ సిట్రులిన్‌గా మారినప్పుడు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని పరాయివనుకుని తయారుచేసే యాంటీబాడీలివి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వచ్చిన 79 మంది ఒకప్పుడు దానం చేసిన రక్తాన్ని నెదర్లాండ్స్‌లో పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు సగం మందిలో ఇవో, రుమటాయిడ్ ఫ్యాక్టరో నొప్పులు మొదలవకముందే ఉన్నాయి. కొందరిలో పదేళ్ళకు పైగా ముందే. కీళ్ళు వాచేదాకా జబ్బు లేదనే మాట ఎంత తొందరపాటో చూడండి.

ఇక వంశం సంగతి. హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలు ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువని 1980ల నుంచీ తెలుసు. అయినా ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవాళ్ళకి వచ్చేది సుమారు 15 శాతం మందికే. పొగతాగడం లాంటివీ తోడవుతాయి. యాంటీబాడీలున్న అందరికీ జబ్బు రాదు.

ఇదంతా వినకుండానే ఒక బంధువు, ‘రిపోర్టు సంగతి బయట పెట్టకు, పిల్లకి సంబంధాలు రావు’ అంది. నిన్న పథ్యం, ఇవాళ జన్యువు. వేలు చూపేది మాత్రం తల్లివైపే. బిడ్డకి సగం జన్యువులు తండ్రి నుంచి కూడా వస్తాయన్నది అప్పుడెవరికీ గుర్తుండదు.

మా అమ్మాయి నన్ను సూటిగా అడిగింది: “నేనూ చేయించుకోనా?” ఏ బాధా లేనప్పుడు ఆ పరీక్ష అవసరం లేదని మా డాక్టరు చెప్పింది. యాంటీబాడీలు ఉండి, కీళ్ళనొప్పులు మొదలైనవాళ్ళకి అబాటసెప్ట్ ఇచ్చి చూసిన రెండు యూరప్ అధ్యయనాలు 2024లో వచ్చాయి. జబ్బు ముదరడం వెనక్కి జరిగింది. మందు ఆపాక ఆ మేలు క్రమంగా తగ్గింది. అంటే తొలినాళ్ళలోనే పట్టుకోవడానికి విలువ ఉంది.

అందుకని మేమిద్దరం ఒకటి అనుకున్నాం. సంబంధాల వాళ్ళ కోసం ఏ పరీక్షా చేయించం. పొద్దున్నే పిడికిలి ముడుచుకోని రోజు వస్తే మాత్రం, వాపు కోసం ఎదురుచూడకుండా, వినే డాక్టరు దొరికేదాకా తిరుగుతాం.