మామ్మగారి నుయ్యి

అక్టోబరు వచ్చిందంటే చాలు, మా ఆవిడ బాత్‌రూంలో బకెట్లన్నీ నింపి పెట్టేస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినిపిస్తే ఇక బిందెలు, గిన్నెలు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా. "హైదరాబాదులో తుఫానేంటే?" అంటే వినదు. 2014 అక్టోబరు 12న వైజాగ్‌లో ఉన్నవాళ్ళెవరూ ఈ అలవాటుకి నవ్వరులెండి.

అప్పట్లో మేం సీతమ్మధార వైపు ఓ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. పది ఫ్లాట్లు, ఒక బోరు, ఒక మోటారు. జనరేటరు లేదు. పక్కన ఓ పాత పెంకుటిల్లు, అందులో ఒక్కరే ఉండే మామ్మగారు, పెరట్లో ఒక నుయ్యి. ఆ నుయ్యంటే మా అందరికీ మంట. దోమలన్నీ అందులోంచే వస్తున్నాయని మా గట్టి నమ్మకం. అంతకు ముందు ఏడాది మా పాపకి డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, నాలుగు రాత్రులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాక నాకు అది నమ్మకం కాదు, పగ. (డెంగీ దోమ మనింట్లో కూలర్లోనూ, పూలకుండీ కింద పళ్ళెంలోనూ కూడా హాయిగా పెరుగుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరు చెప్పినా వినే స్థితిలో లేను.) నుయ్యి పూడ్పించాలని అర్జీ తయారుచేసింది నేనే. ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణని పేరు కదా! ఎనిమిది సంతకాలయ్యాయి. మిగతా రెండు ఫ్లాట్లవాళ్ళు ఊళ్ళో లేక ఆ కాగితం నా లాప్‌టాప్ బ్యాగులో ఉండిపోయింది.

సరే, హుద్‌హుద్ సంగతి. ఆ పేరు పెట్టింది ఒమన్ వాళ్ళు, తలమీద తురాయి ఉండే ఓ అందమైన పిట్ట పేరు అది. ఆ ఆదివారం పొద్దుట నుంచీ గాలి కాదు, ఏదో రైలు ఆగకుండా ఇంటి మీంచి వెళ్తున్నట్టు. గంటకి 180 కిలోమీటర్ల దాకా అన్నారు. హాల్లో కిటికీ అద్దాలు పోయాయి. మధ్యలో కాసేపు అంతా నిశ్శబ్దం... అయిపోయిందనుకుని కిందకి దిగినవాళ్ళు కూడా ఉన్నారు. అది తుఫాను కన్నట. మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకుకి ముందు మూత పోయింది, తర్వాత ట్యాంకే పోయింది.

నా ఉద్యోగం ఏంటనుకున్నారు? అమెరికా క్లయింటుకి డిజాస్టర్ రికవరీ ప్లాన్లు రాయడం. ఇక్కడి సర్వరు పడిపోతే అక్కడిది ఎన్ని నిమిషాల్లో లేవాలో నిద్రలో అడిగినా చెప్తాను. ఇంట్లో మాత్రం సోమవారం పొద్దుటికి ఉన్నవి ఒకటిన్నర బిందెల నీళ్ళు.

కిందకి దిగి చూస్తే ఆ ఇంటికీ మాకూ మధ్య ప్రహరీ గోడ లేదు. బాదంచెట్టు దాని మీద పడుంది. అవతల మామ్మగారు. ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, లోపల మంచం తడిసి ముద్దయింది. ఆవిడ అదంతా వదిలేసి నూతిలో పడ్డ ఆకులు చేదతో తోడి పారేస్తున్నారు.

"ఏటి బాబూ అలా చూస్తావు? బిందె తెచ్చుకో. పటిక వేశాను, పాపకి మాత్రం కాచి పట్టండి."

గంటలో వీధంతా అక్కడే. తోపులాట మొదలయ్యేసరికి ఎవరో "వంతులు రాసుకుందాం, కాగితం తెండి" అన్నారు. మా ఇంట్లో పుస్తకాలన్నీ తడిసిపోయాయి. అటక మీదున్న లాప్‌టాప్ బ్యాగులోంచి చేతికందిన కాగితం లాక్కొచ్చి, వెనక వైపు ఫ్లాటు నంబర్లు రాసి మామ్మగారికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, తిరగేశారు.

నా గుండె ఆగింది. ఆవిడకి ఇంగ్లీషు ఎక్కడొస్తుందిలే అని ఒక్క క్షణం ఆశ. హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారని మాకెవరికీ తెలీదు. అసలు ఎప్పుడైనా మాట్లాడితే కదా! మొత్తం చదివారు, సంతకాలతో సహా. "మస్కిటోస్‌లో చివరి ఎస్‌కి ముందు ఇ ఉండాలయ్యా" అన్నారు. (స్పెల్‌చెక్ ఊరుకుంది మరి.) కాగితం మళ్ళీ తిరగేసి, "ఒకటో నంబరు ఎవరూ?" అని పిలిచారు.

అంతే. ఆ రోజూ, ఆ తర్వాతా, ఇంకో మాట అనలేదు. తిట్టినా బావుండేది.

మాకు కరెంటు తొమ్మిదో రోజుకొచ్చింది. ఆ తొమ్మిది రోజుల్లో నాకు తెలిసినవి: మా ఇంటికి 54 మెట్లు. ఒక్కసారి ఫ్లష్ నొక్కితే దాదాపు ఒక బిందె. చేంతాడు జారకుండా పట్టుకోవాలంటే అరచేతులు తడవకూడదు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు కడగొచ్చు, ఆ నీళ్ళు మళ్ళీ బాత్‌రూంలోకి పనికొస్తాయి. ఐదో రోజున మా ఆవిడ "ఇవాళ తలస్నానం చెయ్యండి" అని నిండు బకెట్ నా ముందు పెట్టింది. మొదటి చెంబు పోసుకున్నాక రెండోది పోసుకోలేక అలా కూర్చుండిపోయాను. జీతం పెరిగినప్పుడు, గ్రీన్‌కార్డు వచ్చిందని స్నేహితుడు గంతులేసినప్పుడు కూడా అంత సంతోషం చూడలేదు నేను. బయట కొండలన్నీ ఆకు లేక కాలిపోయినట్టున్నాయి, ఇక్కడ నా దగ్గర ఇంకా అరబకెట్ ఉంది!

కరెంటొచ్చిన రాత్రి వీధంతా ఒకటే కేక. మోటారు చప్పుడు వినడానికి పిల్లలు కింద నిలబడ్డారు. మర్నాడు నూతి దగ్గర ఎవరూ లేరు. దాచుకోవడమెందుకు, నేనూ లేను. తర్వాత ఆదివారం నలుగురం కలిసి వెళ్ళి ఆవిడ పెంకులు నేయించాం గానీ, ఆ మధ్యలో నాలుగు రోజులున్నాయి.

దీపావళి 23న. ఎండిన కొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయని ఊళ్ళో టపాకాయలు వద్దన్నారు. మా పాప రెండు ప్రమిదలు పట్టుకెళ్ళి నూతి గట్టు మీద పెట్టొచ్చింది. ఎవరూ చెప్పలేదు దానికి.

మామ్మగారు 2018లో పోయారు. కిందటేడు వైజాగ్ వెళ్ళినప్పుడు చూస్తే ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. నుయ్యి ఎక్కడుండేదో చూపించమంది మా అమ్మాయి. పాత గోడ నుంచి అడుగులు లెక్కేసుకుంటూ వెళ్తే సెల్లార్ పార్కింగ్‌లో ఓ తెల్ల కారు దగ్గర తేలాం. వాచ్‌మన్ వచ్చి "ఎవరు కావాలి సార్?" అన్నాడు.